ధర చెప్పని కరువు



ఏ వైద్యుని పేరిట ఈ సాయంత్రం ఇక్కడ కూడామో ఆయన మందుచెక్క తానే ఏరుకొని, తానే ఎండబెట్టి, తానే నూరిన తరం మనిషి. అటువంటి వైద్యునికి గిరాకీ ఒకచోట, సరఫరా మరోచోట ఉండేవి కావు. రోగి వచ్చాక పొలిమేర దాకా వెళ్ళి చూసేవాడు. మొక్క దొరికితే ఆ యోగం, దొరక్కపోతే ఇంకో యోగం. చెట్టు పలచబడితే ఊళ్ళో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. ఇవాళ మందు తాగే మనిషికీ చెట్టుకూ మధ్య అయిదారు చేతులు ఉన్నాయి. వాటి మీదుగా సరుకు ఇటు వస్తోంది, డబ్బు అటు పోతోంది. అడవిలో ఏ చెట్టు ఎంత మిగిలిందన్న కబురు మాత్రం కదలడం లేదు. నా ఉపన్యాసం ఆ కబురు గురించి.

సరుకు తగ్గితే ధర పెరుగుతుందని, ధర పెరిగితే కొనేవాడు తగ్గించుకుంటాడని, పండించేవాడు ముందుకొస్తాడని మనం చదువుకున్నాం. టమాటా విషయంలో ఈ సూత్రం ఏటా మన కళ్ళముందే పనిచేస్తోంది. మూలికల అంగట్లో అది తడబడుతుంది. అక్కడ చెట్టు కరువైనా ధర చాలాకాలం నెమ్మదిగానే ఉంటుంది. కరువు ముందుగా బయటపడేది మూటలో: పాత పేరుతోనే వేరే చెక్క వస్తుంది, ముదిరిన వేరు బదులు లేతది వస్తుంది, పక్క కొండ సరుకు బదులు పక్క రాష్ట్రం సరుకు వస్తుంది. ధర వచ్చి తలుపు తట్టేనాటికి అడవిలో మిగిలేది తక్కువ.

ముందు కొట్టు దగ్గర నిలబడదాం. విజయవాడ వన్‌టౌన్ కావచ్చు, హైదరాబాదు బేగంబజారు కావచ్చు, మీ ఊరి పచారీ కొట్టు కావచ్చు. మన ఇళ్ళలో ఇప్పటికీ మూలికల చీటీ రాసే సందర్భం ఒకటి మిగిలింది, బాలింత కాయం. సొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము, దుంపరాష్ట్రం, కచ్చూరాలు అంటూ అమ్మమ్మ చెబుతుంటే ఎవరో ఒకరు కాగితం మీద పెడతారు. ఆ చీటీలో తూకాలు సగం వాటికే ఉంటాయి. మిగతావి "ఓ పది రూపాయలవి", "ఓ ఇరవై రూపాయలవి". కొనేవాడు తూకంతో కాక డబ్బుతో అడుగుతున్నాడంటే, సరుకు ప్రియమైనప్పుడు పొట్లం చిన్నదవుతుంది తప్ప ధర పెరిగినట్టు అతనికి తెలియదు. పైగా చాలా దినుసులను చూసి గుర్తుపట్టగల కళ్ళు ఇప్పుడు ఇళ్ళలో లేవు. బెండకాయ కొనేవాడు తోక విరిచి చూస్తాడు. దుంపరాష్ట్రాన్ని ఏం విరిచి చూస్తాడు? కొట్టువాడు ఏది పొట్లం కడితే అదే దుంపరాష్ట్రం.

చంటిపిల్లలకు పోసే అతివసను తీసుకోండి. అసలు అతివస హిమాలయాల ఎత్తుల్లో పెరిగే మొక్క దుంప, ఖరీదైన సరుకు. తమిళనాడు అంగళ్ళలో "నాట్టు అతివిడయం" పేరుతో అమ్మేది తేమనేలల్లో, నీటి ఒడ్డున పెరిగే పూర్తిగా వేరే కుటుంబపు మొక్క. అమ్మేవాడు మోసగాడని నేను అనను. అతనికి వాళ్ళ నాన్న ఆ మూటను ఆ పేరుతోనే చూపించాడు. మోసం మొదట ఎవరో చేసి ఉండవచ్చు, రెండు తరాలు గడిచేసరికి అది వాడుక అయిపోయింది.

దొరకని దినుసు బదులు మరొకటి వాడటం మన శాస్త్రానికి కొత్త కాదు. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో ప్రతినిధి ద్రవ్యాల పట్టికే ఇచ్చాడు. అష్టవర్గం దొరకడం రాజులకే కష్టమని ఒప్పుకొని, మేదకు, మహామేదకు బదులు పిల్లిపీచర, జీవకానికి, ఋషభకానికి బదులు నేలగుమ్మడి, కాకోలికి, క్షీరకాకోలికి బదులు పెన్నేరు గడ్డ వాడమన్నాడు. అంటే ఆ రోజుల్లోనే కరువు ఉంది, దానికో పద్ధతీ ఉంది. ఆ పద్ధతిలో గొప్పతనం, బదులు వేసిన సంగతి పుస్తకంలోనే రాసి ఉండటం. ఏది లేదో, దాని స్థానంలో ఏది వేశామో వైద్యుడికి తెలుసు. ఇప్పటి ప్రతినిధి ద్రవ్యం పేరు చెప్పుకోదు.

అశోక చెక్క సంగతి చూడండి. స్త్రీల వ్యాధులకు వాడే అశోకారిష్టం దేశమంతటా అమ్ముడుపోతుంది. అసలు అశోక చెట్టు పడమటి కనుమల తేమ అడవుల్లో, అక్కడక్కడ తూర్పు కనుమల్లో పలచగా ఉండే చెట్టు. బెరడు ఒలిస్తే కోలుకోవడం కష్టం. మన కాలనీల ప్రహరీల వెంట పొడుగ్గా, సన్నగా, వేలాడే ఆకులతో నిలబడే చెట్టునూ జనం అశోక అనే పిలుస్తారు. అది వేరే జాతి. దాని బెరడు కావలసినంత దొరుకుతుంది. బెంగళూరు పరిశోధకులు కొన్నేళ్ళ కిందట అంగళ్ళలో కొన్న అశోక చెక్కను డీఎన్ఏ పద్ధతిలో పరీక్షిస్తే, నమూనాల్లో ఎక్కువ భాగం అసలు అశోక కానేకాదని తేలింది. మరి ఇన్నాళ్ళూ అశోక చెక్క "సరఫరా" బాగానే ఉన్నట్టు లెక్కల్లో కనబడింది కదా! గిరాకీ తీరింది, ధర అదుపులో ఉంది, చెట్టు లేదు. నేను మొదట చెప్పిన రాని కబురు ఇదే.

ఈ గిరాకీ ఎక్కడిది? వైద్యుడి సంచి నుంచి మందు సీసాలోకి మారినప్పుడు మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. ఆ తర్వాత మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి గారి లోధ్ర తెలుగు ఇళ్ళన్నిటికీ చేరింది. వాళ్ళు మహానుభావులు, ఆ సీసాల మీద వచ్చిన డబ్బుతో మనకు పత్రికలు పెట్టారు, విద్యాలయాలు పోషించారు. అయితే ఒక్కసారి మందు సీసాలోకి ఎక్కాక, దానికి ఏడాది పొడుగునా ఒకే దినుసు, ఒకే రకంగా, టన్నుల్లో కావాలి. అడవికి ఆ క్రమశిక్షణ తెలియదు.

జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఏర్పడింది 2000 నవంబరులో. ఆ బోర్డు కోసం తయారై 2008లో వచ్చిన అధ్యయనం, దేశంలో 960 జాతుల మొక్కలు వ్యాపారంలో ఉన్నాయని, అందులో 178 జాతులు ఏడాదికి 100 టన్నులకు మించి అమ్ముడవుతున్నాయని తేల్చింది. 2005-06 మొత్తం గిరాకీ 3,19,500 టన్నులని అంచనా వేసింది. 2017లో వచ్చిన రెండో అధ్యయనం లెక్కలో జాతులు 1178, పెద్ద ఎత్తున అమ్ముడయ్యేవి 242, 2014-15 వాడకం 5,12,000 టన్నులు. రెండో లెక్క మరింత జాగ్రత్తగా తీసిందే గనుక పెరుగుదలంతా నిజమైన పెరుగుదల అనుకోనక్కరలేదు. నన్ను కలవరపెట్టేది వేరే అంకె. ఆ 242 జాతుల్లో నూటికి 70కి పైగా ఇప్పటికీ అడవి నుంచి, బంజరు నుంచి ఏరుకొచ్చేవే. వరి, పత్తి, మిరప పండించే దేశం తన మందుమొక్కల్లో సింహభాగాన్ని ఇంకా ఏరుకొనే తింటోంది.

ఏరుకోవడంలో తప్పు లేదు. ఏ భాగం ఏరుతున్నామన్నది ప్రశ్న. కరక్కాయ, తానికాయ, ఉసిరి, కుంకుడు కాయలు రాలినవి ఏరితే చెట్టుకు పోయేదేమీ లేదు, విత్తుకు కొన్ని వదిలితే చాలు. అక్కడ కూడా "నేను వదిలితే పక్కవాడు కోస్తాడు" అన్న భయంతో పండకముందే కొమ్మలు నరికి దులుపుతున్నారు, అది వేరే కథ. చెక్క, వేరు దగ్గర మాత్రం కోత అంటే చాలాసార్లు చావే. దశమూలారిష్టం ఎంత మామూలు మందో మీకు తెలుసు. దానిలోని పది వేర్లలో అయిదు చిన్న మొక్కలవి, అయిదు పెద్ద చెట్లవి. మారేడు, దుండిలం, కలిగొట్టు, గుమ్మడి టేకు లాంటి చెట్ల వేరు కావాలంటే చెట్టును పడగొట్టాలి. టన్నుల్లో కావాలంటే ఎన్ని చెట్లు? అంగడి దీనికి తనదైన జవాబు కనిపెట్టింది. వేరు బదులు కాండపు బెరడు వస్తోంది, లేదా బొటనవేలంత లావు కూడా లేని మొక్కలను వేళ్ళతో పీకి మూట కడుతున్నారు. ఆ మొక్క ఇంకా పూత కూడా చూసి ఉండదు.

ఇక సంతకు వెళదాం. పాడేరు, ముంచింగిపుట్టు, చింతపల్లి వైపు కొండ దిగివచ్చే తట్టల్లో అడవి సరుకు ఎప్పుడూ ఉండేది. షావుకారు ముందే అప్పిచ్చి ఉండేవాడు, తవ్వ కొలతలో చేతివాటం ఉండేది, ఉప్పుకూ కిరసనాయిలుకూ చింతపండు పోయేది. ఈ దోపిడీకి అడ్డుకట్టగా 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, పుట్టింది. ఒక చేత్తో అటవీ ఫలసాయం కొనడం, మరో చేత్తో డీఆర్ డిపోల ద్వారా బియ్యం, పప్పు, ఉప్పు అందించడం దాని పని. 1979 నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆ కొనుగోలు దానికే దఖలు పడింది. ఒక్కడే కొనేవాడున్న అంగడిలో అతను చెప్పిందే ధర. షావుకారు పోయినందుకు సంతోషించిన గిరిజనుడే, కొన్ని సరుకులకు చాటుగా షావుకారునే వెతుక్కొన్న రోజులూ ఉన్నాయి. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఆ సరుకు మీద యాజమాన్యం గ్రామసభదీ, ఏరినవాడిదీ అని కాగితం మీద స్థిరపడింది. ధర నిర్ణయించే బలం ఇంకా ఆ కాగితం వెంట నడిచి రాలేదు.

ఆ సంతల్లో ఒకప్పుడు విరివిగా వచ్చిన సరుకు నరమామిడి చెక్క. వ్యాపారులు మైదా లక్డీ అంటారు. విరిగిన ఎముకకు కట్టు కట్టేవాళ్ళు దీన్ని ఎరుగుదురు. అయితే చెట్టును తినేసింది ఎముకల వైద్యం కాదు, అగరుబత్తి. ఆ బెరడు పొడిలోని జిగురే పుల్లకు పిండి అంటుకునేలా చేస్తుంది. దేవుడి గదిలో రోజూ రెండు పుల్లలు వెలిగించే కోట్ల ఇళ్ళ గిరాకీ అది. పదిమంది ఎముకల వైద్యుల గిరాకీతో పోల్చేది కాదు. బెరడు చుట్టూ ఒలిచిన చెట్టు నిలువునా ఎండిపోతుంది. తూర్పు కనుమల్లో నరమామిడి పలచబడ్డాక అగరుబత్తి ఆగిందా? ఆగలేదు. వేరే చెట్ల బెరడు వచ్చింది, వియత్నాం నుంచి కూడా పొడి దిగుమతి అయింది. పుల్ల ధరలో మన కొండల సంగతి ఎవరికీ వినబడలేదు. మందుమొక్క అని మనం పేరు పెట్టినవాటికి పెద్ద గిరాకీ మందు నుంచి రాదన్న సంగతి మన పథకాలు రాసేవారికి ఇంకా పట్టినట్టు లేదు.

దీనికి ఎదురుగా తపసి జిగురు కథ పెట్టి చూడాలి. ఈ సభలో నేను మనసారా చెప్పగల మంచి కబురు ఇదొక్కటే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను. తపసి చెట్టు బంక విరేచనకారి మందుల్లో, కట్టుడు పళ్ళు అంటించే పొడుల్లో, ఆహార పరిశ్రమలో వాడతారు. విదేశాలకు పోయే సరుకు. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి, నేల మీద కారిన బంకను మట్టితో, బెరడుతో సహా ఊడ్చి తెచ్చేవారు. మురికి సరుకుకు మురికి ధర. ధర తక్కువ కాబట్టి కడుపు నిండాలంటే ఎక్కువ బంక కావాలి, ఎక్కువ బంకకు మరిన్ని గాట్లు. చెట్లు పుచ్చి పడిపోయేవి. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్, జీసీసీ కలిసి ఏరేవాళ్ళకు వేరే పద్ధతి నేర్పాయి. చిన్న పనిముట్టుతో పైపైన, కొలత ప్రకారం గాటు పెట్టడం. చెట్టుకు విరామం ఇవ్వడం. బంకను శుభ్రంగా పట్టి, ముక్క ముక్కగా వేరుచేసి ఆరబెట్టడం. దానితో పాటు అసలు కీలకమైన పని ఇంకొకటి చేశారు. రకాన్ని బట్టి ధర కట్టారు. తెల్లటి బంకకు ఎక్కువ, నల్లటిదానికి తక్కువ. గాటు లోతు తగ్గితే డబ్బు పెరుగుతుందని ఏరేవాడి చేతికి తెలిసింది. చెట్టు బాగోగులను ధర మోసుకొచ్చిన అరుదైన సందర్భం అది. ఉపన్యాసాలతో, బోర్డులతో, అటవీ గార్డు కేసులతో కానిది ఒక ధరల పట్టీతో అయింది.

మరి ఆ పట్టీ మారెడు కొమ్ములకు ఎందుకు లేదు? రాయలసీమలో ఎండాకాలం నన్నారి షర్బత్ తాగని మనిషి ఉండడు. సుగంధిపాల వేరుతో చేస్తారనుకుంటాం గానీ, షర్బత్‌కు ఎక్కువగా వాడేది నల్లమల, శేషాచలం, పాలకొండల రాతిసందుల్లో పెరిగే మారెడు తీగ దుంపలు, వాటినే మారెడు కొమ్ములంటారు. చెంచులు, యానాదులు గునపాలతో బండల కింద నుంచి తవ్వి తెస్తారు. మొత్తం దుంప లాగేస్తే తీగ పోతుంది, కొన్ని వేళ్ళు వదిలితే మళ్ళీ చిగురుస్తుంది. ఇది తవ్వేవాళ్ళందరికీ తెలుసు. కానీ కిలో లెక్కన కొనేవాడు, సగం వదిలి వచ్చిన మనిషికీ, సాంతం లాగిన మనిషికీ ఒకటే ధర ఇస్తాడు. వదిలినవాడికి తూకం తగ్గింది, అంతే. షర్బత్ సీసాల బ్రాండ్లు ఊరూరా పెరుగుతున్నాయి. తవ్వేవాడి నడక కూడా పెరుగుతోంది. ఆ నడకకు సీసా మీద ఖరీదు లేదు.

కరోనా కాలంలో తిప్పతీగ గిరాకీ ఎలా ఎగిసిందో మీరే చూశారు. కషాయం కాచని ఇల్లు లేదు. 2020 మేలో కేంద్రం అటవీ ఫలసాయాల మద్దతు ధరలు సవరించినప్పుడు తిప్పతీగ కిలో 21 రూపాయల నుంచి 40 రూపాయలకు పెరిగింది. అంటే దాదాపు రెట్టింపు. అదృష్టవశాత్తు తిప్పతీగ మొండిది. ముక్క విరిచి కంచె మీద పడేస్తే బతుకుతుంది. అందువల్ల తీగకు ముప్పు రాలేదు, తాగినవాడికి వచ్చింది. దాని దాయాది తీగ ఒకటి, చూపుకు దాదాపు అలాగే ఉండేది, కలిసిపోయింది. కషాయం తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించాక పెద్ద చర్చ జరిగింది. 2022లో ఆయుష్ మంత్రిత్వ శాఖ, రెండు తీగలకూ తేడా గమనించమని, అసలు తిప్పతీగే వాడమని ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. కాలేయం సంగతి వైద్యులు తేల్చాలి. అంగడి సంగతి మటుకు స్పష్టం: గిరాకీ ఉరికినప్పుడు సరుకు పేరు ముందు వస్తుంది, సరుకు తర్వాత వస్తుంది.

"అయితే పండిద్దాం" అంటారు. ఏ సమావేశంలోనైనా చివరికి అందరూ చేరుకునే మాట ఇది. పండించగలిగినవి పండుతూనే ఉన్నాయి. చింతపల్లి, పాడేరు కొండల్లో పిప్పలి మోడి గిరిజన రైతుకు నమ్మకమైన పంట. అనంతపురం, కర్నూలు మెట్టల్లో అయిదారు నెలల్లో చేతికొచ్చే అశ్వగంధ వేశారు; వేసిన రైతు నీమచ్ మార్కెట్ ధర ఫోనులో చూసుకుంటాడు. వీటన్నిటిలో ఉన్న పోలిక ఒకటే, ఏడాదిలోనో రెండేళ్ళలోనో పైసలు కనబడటం. గుమ్మడి టేకు వేరు కోసం ఎవరు పదేళ్ళు కాసుకు కూచుంటారు? అడవి చెట్టుకు ఎరువు ఖర్చు లేదు, కౌలు లేదు, వడ్డీ లేదు. ఏరుకొచ్చే కూలి ఒక్కటే ధరలోకి ఎక్కుతుంది. ఆ ధరతో ఏ రైతూ పోటీ పడలేడు. అడవి సరుకు అంత చౌక కావడమే సాగుకు అడ్డం. ఔషధ మొక్కల బోర్డు మొక్కను బట్టి 30, 50, 75 శాతం రాయితీలు ఇచ్చింది. రాయితీ నాటేదాకా తోడు వస్తుంది, అమ్మేచోట ఉండదు.

సఫేద్ ముస్లీ మోజు ఈ సభలో కొందరికైనా గుర్తుండాలి. 2000 ప్రాంతంలో ఎకరాకు లక్షలంటూ దుంపలు అంటగట్టారు. అప్పుడు లాభం విత్తన దుంపలు అమ్మినవాళ్ళకు వచ్చింది. పంట తీసి అంగడికి పోయిన రైతుకు కొనేవాడు కనబడలేదు. ఆ దెబ్బ తిన్న ఊళ్ళలో "ఔషధ పంట" అన్న మాటెత్తితే ఇప్పటికీ నవ్వుతారు. ఎంత కావాలో, ఎవరికి కావాలో, ఏ ధరకు కొంటారో రాసి చేతిలో పెట్టకుండా రైతును ముందుకు తోయడం నా దృష్టిలో మోసానికి తక్కువేమీ కాదు.

చట్టం ఏం చేస్తోంది? ఆయుర్వేద మందులు తయారుచేసేవారికి షెడ్యూల్ టి నియమాలు ఉన్నాయి, ముడిసరుకును నిర్ధారించుకోవాలి. ఏ మూలిక ఎంత వాడారో ఏటా లెక్క రాసి పంపాలని 157ఎ నియమం ఉంది. ఆ లెక్కలు అందరూ నిజాయితీగా పంపితే గిరాకీ ఎంతో తెలుసుకోవడానికి వేరే అధ్యయనాలే అక్కరలేదు. కానీ ఆయుర్వేద మందు అమ్మడానికి లైసెన్సు అవసరం లేదు. ముడి మూలిక అమ్మే కొట్టును తనిఖీ చేసేవాడు దాదాపు లేడు. జీవవైవిధ్య చట్టం కింద దేశీ కంపెనీలు కూడా లాభంలో వాటా ఇవ్వాల్సిందేనని దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది. 2023 సవరణ సాగు మొక్కలకు, గ్రంథాలకెక్కిన జ్ఞానానికి మినహాయింపులు తెచ్చింది. సాగును ప్రోత్సహించేదిగా అది మంచిదే కావచ్చు. అడవి వేరును పొలం వేరుగా రాయడానికి ఒక దారి తెరిచిందన్న అనుమానం మాత్రం నాకుంది.

ఈ సభలో వైద్యులున్నారు, మూలికల వ్యాపారులున్నారు, కొన్ని ఫార్మసీల వారూ ఉన్నారు. మీ అందరికీ ఒక మనవి. రేపటి నుంచి మీరు కొనే, అమ్మే ప్రతి బస్తా మీద, ప్రతి బిల్లు మీద మూడు సంగతులు రాయండి, రాయమని అడగండి. మొక్క శాస్త్రీయ నామం ఏమిటి, ఇది ఏ భాగం, ఏ మండలం నుంచి వచ్చింది. బదులు సరుకు అయితే బదులు అని రాయండి. భావమిశ్రుడు రాశాడు, మీరు రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. జీసీసీ అధికారులకు ఇంకో మాట. తపసి జిగురుకు కట్టినట్టు మారెడు కొమ్ములకూ రకాల ధర కట్టండి, వేళ్ళు వదిలి తవ్వే ఊళ్ళ సరుకుకు కిలోకు ఎక్కువ ఇవ్వండి. ఏ ఊరు అలా తవ్వుతోందో మీ డిపోలో కాటా పట్టే మనిషికి ఇప్పటికే తెలుసు.